సోఫాలో ఎవరూ కూర్చోని ఇల్లు

ఖమ్మంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఫొటోకు నిలబడితే, పోలీసు స్టేషన్లో హాజరు వేయించుకోవడానికి వచ్చినట్టే ఉంటారు. ఈ సంగతి సంపూర్ణకు తొమ్మిది ఇళ్ళు తిరిగాక గానీ ఒంటబట్టలేదు. ఒంటబట్టే లోపలే హైదరాబాద్ నుంచి వారపత్రిక ఎడిటర్ మేడమ్ ఫోను రానే వచ్చింది.

“సంపూర్ణా, నేనడిగింది ఇళ్ళ ఫొటోలమ్మా. నువ్వు పంపింది సామాన్ల ఫొటోలు. ఒకాయన ఫ్రిజ్‌కు కాపలా ఉన్నాడు. ఒకావిడ వాషింగ్ మెషీన్ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తోంది. కంప్యూటర్‌కు బొట్టు పెట్టారు, సరే, ఆ పక్కనున్న పిల్లాడు ఊపిరి తీస్తున్నాడా లేదా?”

“తీస్తున్నడు మేడమ్. మా నాయిన దగ్గర నేర్చుకున్న గదా, బిగబట్టమని నేనే చెప్పిన.”

“ఇంకొక్క ఇల్లు చూడు. ఆదివారం సాయంత్రం ఆరుకల్లా మెయిల్లో రావాలి. అందులో మనుషులు బతుకుతున్నట్టు కనిపిస్తే మొత్తం ఆరు పేజీలు నీవే, నీ పేరు మీద. లేదంటే ఆ పేజీలు వేసవి పచ్చళ్ళకు ఇచ్చేస్తాను.”

ఆరు పేజీలు! సంపూర్ణకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. గాంధీచౌక్‌లో వాళ్ళ నాయిన సంసోను ముప్పై ఏళ్ళుగా స్టూడియో నడుపుతున్నాడు. ఆరేళ్ళుగా ఆడవాళ్ళ ఫంక్షన్లన్నీ తీస్తున్నది సంపూర్ణే. అయినా ఏ ఫొటో వెనక చూసినా పడే ముద్ర మాత్రం ‘సంసోను ఫొటో స్టూడియో’. “నువ్వు తీస్తే ఏంది, నేను తీస్తే ఏంది బిడ్డా, ఒక్కటే ఇల్లు గదా,” అంటాడు ఆయన. ఒక్కటే ఇల్లు నిజమే. కానీ తాను తీసిన బొమ్మ కింద తన పేరు చూసుకోవాలన్న ఆశ, ఆకలి లాంటిది. ఒకరు తింటే ఇంకొకరికి తీరదు.

ఆ ఆదివారం చర్చి గంట కొట్టే వేళకు ఆమె స్కూటీ బయటికి తీసింది.

“ప్రభువు దినం నాడు గూడ కెమెరానేనా?” అని వాకిట్లోంచి తల్లి కేకేసింది.

“దారి పొడుగునా ప్రార్థన చేసుకుంటనే పోతున్ననమ్మా, ఆరు పేజీలు ఇప్పియ్యమని,” అంటూనే సందు తిరిగింది.

పదో ఇల్లు ప్రమీల టీచర్‌ది. తల్లాడ దగ్గర సర్కారు బడిలో పని. బడి గ్రూపు ఫొటో తీసేటప్పుడు సంపూర్ణకు పరిచయమైంది. భర్త బాలకృష్ణ కరెంటాఫీసులో జూనియర్ అసిస్టెంట్. లంబాడీలు. అతను పుట్టి పెరిగిన తండా పెనుబల్లి అవతల, అడవి అంచున. తండాలో ముందుగా నెల జీతం ఎత్తినవాడు బాలకృష్ణ, నెల జీతం తెచ్చే కోడలుగా మొదట అడుగుపెట్టింది ప్రమీల. బైపాస్ అవతల కొత్త కాలనీలో మూడు నెలల కింద ఇల్లు కట్టుకుని దిగారు. ఈ ఫొటో కోసమని అత్తామామల్ని ముందురోజే పిలిపించుకున్నారు.

పిస్తా రంగు ఇల్లు. గడప దాటగానే హాల్లో మెరూన్ రంగు సోఫా సెట్టు. విజయవాడ నుంచి లారీలో దిగి మూడు వారాలైనా దాని ప్లాస్టిక్ తొడుగు ఇంకా విప్పలేదు. విప్పితే పాతదైపోతుందని భయం. కిటికీలకు పెద్ద పెద్ద గులాబీల కర్టెన్లు. ఆ గులాబీలు నిండుగా కనబడాలని కర్టెన్లు మొత్తం లాగేశారు. దుమ్ము రాకూడదని తలుపూ మూశారు. పొద్దున పదిన్నరకే హాలు చీకటి గుయ్యారం. ట్యూబులైటు ఒక్కటి వెలుగుతోంది.

“ఎట్లున్నది సంపూర్ణా? పొద్దున నాలుగింటికి లేచి సదిరిన,” అంది ప్రమీల. పట్టుచీర కట్టింది, మెడలో రెండు పేటల గొలుసు వేసింది.

“మస్తున్నదక్కా. ఇగ అందరు వచ్చి సోఫాల కూసోండి.”

బాలకృష్ణ వచ్చాడు. ఎనిమిదేళ్ళ కూతురు సువర్ణ గెంతుకుంటూ వచ్చింది. తెల్ల పంచె, ఎర్ర తలపాగాతో మామ లాల్‌సింగ్ వచ్చాడు. అద్దాలు కుట్టిన పేట్యా లంగా ఝళ్ళుమంటుంటే, మోచేతుల దాకా తెల్ల గాజులతో అత్త హేమ్లి వచ్చింది. వచ్చారు గానీ ఎవరూ కూర్చోలేదు.

సంపూర్ణ కెమెరా సర్దుకుని తల ఎత్తింది. ఐదుగురూ సోఫా వెనక వరసగా నిలబడి ఉన్నారు.

“అరె, కూసోండ్రి!”

లాల్‌సింగ్ గొంతు సవరించుకుని మనవరాలితో అన్నాడు. “సువర్ణా, మీ అమ్మను లోపలికి పొమ్మను, నేను కూసుంట.”

“లోపలికి పోతే ఫొటోల ఎట్లొస్తది తాతా?”

అసలు చిక్కు అదీ. ఆ ఇళ్ళలో కోడలు మామ ముందు కూర్చోదు. ముసుగు తీయదు. మాట నేరుగా అనదు, వస్తువు నేరుగా చేతికివ్వదు. ఆయనకు మంచినీళ్ళు కావాలంటే గ్లాసు తెచ్చి గట్టు మీద పెట్టి వెనక్కి జరుగుతుంది. ఆమె జరిగాక ఆయన తీసుకుంటాడు. బడిలో అరవై మంది పిల్లల్ని ఒక్క కేకతో నిలబెట్టే ప్రమీల, మామ ఇంట్లో ఉంటే తన ఇంట్లో తానే గోడ వెంబడి నడుస్తుంది. అలాంటివాళ్ళు ఏరికోరి, ఒకరి మోకాలు ఒకరికి తగిలేలా కూర్చునే వస్తువు కొనుక్కొచ్చారు.

“పోనీ అత్తమ్మా, నువ్వన్న కూసో,” అంది సంపూర్ణ హేమ్లితో.

హేమ్లి సోఫాను రెండు వేళ్ళతో నొక్కి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. “గాయన నిలబడంగ నేనెట్ల కూసుంటనమ్మా? గిదేందో మెత్తగ లోపలికి గుంజుతున్నది, మునిగితే లేస్తనో లేవనో.”

“నేను కూసుంట!” అంది సువర్ణ.

“పెద్దోళ్ళు నిలబడంగనా?” అని నలుగురూ ఒక్కసారే గదమాయించారు.

చేసేదేం లేక సంపూర్ణ అలాగే ఒకటి తీసింది. ఫ్లాష్ పడగానే హేమ్లి పేట్యా మీది అద్దాలన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. కెమెరా వెనక చిన్న తెరలో చూస్తే ఇంకేముంది, మతాబులు కాలుస్తున్నట్టు తెల్లటి చుక్కలు. చుక్కల వెనక ఐదుగురి తలలు, మధ్యలో మెరిసిపోతున్న ఖాళీ సోఫా. ముసుగు గడ్డం దాకా లాక్కున్న ప్రమీల ఎవరో, ఆమె తల్లి వచ్చినా పోల్చుకోలేదు.

ఇరవై ఫొటోలు తీసింది. నిలబెట్టింది, తిప్పింది, కుర్చీలు తెప్పించింది. ఇరవైలోనూ సోఫా ఒక్కటే హాయిగా ఉంది. పచ్చళ్ళ వాసన సంపూర్ణ ముక్కుకు తగలడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్ మూలుగుతూ ఆగింది.

“కరెంటాఫీసాయన ఇంట్లనే కరెంటు లేదు,” అంది హేమ్లి కొడుకు వైపు చూసి.

“ఆదివారం లైను పని ఉంటది యాడీ, రెండింటి దాకా రాదు,” అన్నాడు బాలకృష్ణ తల్లితో, తప్పంతా తనదే అయినట్టు.

సంపూర్ణ సోఫా అంచున చతికిలబడబోయి, మర్యాద కాదని గుర్తొచ్చి నేల మీద కూర్చుంది. సాయంత్రం ఆరు. పదో ఇల్లు. ఇరవై ఫొటోలు, ఒక్కటీ పనికి రాదు. ఇంకో ఇంటికి పోదామంటే టైము లేదు, పోయినా అక్కడ మటుకు ఏముంటుంది, ఇంకో ఫ్రిజ్ తప్ప!

అంతలో పక్కింటి గోడ మీంచి కేక.

“ప్రమీలా! నల్లా వచ్చిందీ! లావుగ వస్తున్నదీ!”

ఆ కాలనీలో నల్లా రోజు విడిచి రోజు ఒక గంట వస్తుంది. నిన్న రావలసింది రాలేదు. ఇంట్లో డ్రమ్ములు అడుగంటి ఉన్నాయి. మామూలు రోజుల్లో వీధిలో ప్రతి ఇంటివాడూ మోటారు బిగించి గుంజుకుంటాడు కాబట్టి ధార వెంట్రుకంత వస్తుంది. ఇవాళ కరెంటు లేదు. మోటార్లన్నీ నోరు మూసుకున్నాయి. నల్లా ఏనుగు తొండంలా పోస్తోంది.

ఫొటో అన్న మాట ఎవరికీ గుర్తులేదు. బాలకృష్ణ ప్యాంటు మడిచి గేటు పక్క నల్లా గుంతలోకి దూకాడు. హేమ్లి తలుపు బార్లా తెరిచింది. అడ్డొస్తున్న గులాబీల కర్టెన్‌ను మెలితిప్పి ముడేసింది. హాల్లోకి ఎండ ఒక్కసారి విరగబడింది.

“సువర్ణా, బిందెలు! చిన్నయి గూడ! చెంబులు గూడ తే!” అంటూ గడపలో నిలబడి హేమ్లి సేనాపతి అయిపోయింది. “బాలా, నిండినంక మాట్లాడు, ముందు నింపు! ఓ పెద్దమనిషీ, తలపాగా సర్దుకుంట నిలబడితే నీళ్ళు నీ దగ్గరికి నడిచొస్తయా?”

లాల్‌సింగ్ పంచె ఎగ్గట్టి బిందె భుజాన ఎత్తుకున్నాడు. డ్రమ్ములు వెనక వంటింటి వసారాలో ఉన్నాయి. హాలు దాటి పోవాలి. గేటు నుంచి హాలు దాకా ఆయన, హాలు నుంచి వసారా దాకా ప్రమీల. ఎవరూ చెప్పలేదు, పని దానంతటదే అలా పంపకమైంది. మరి మధ్యలో బిందె మారేదెట్లా? చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. లాల్‌సింగ్ నిండు బిందెతో వంగి కింద పెట్టబోయాడు. మోకాలు కలుక్కుమంది. నున్నటి టైల్స్ మీద బిందె అడుగు జర్రున జారింది. సోఫా ముందున్న గాజు బల్ల మీద పెడితే బల్ల ఉండదు. అటూ ఇటూ చూసి, మోకాలెత్తున అందుబాటులో ఉన్నదాని మీద ఠక్కున పెట్టేశాడు.

సోఫా మీద.

ప్రమీల ఒక్క క్షణం బిగుసుకుపోయింది. అయితే ప్లాస్టిక్ తొడుగు మీద నీళ్ళు ముత్యాల్లా జారిపోతున్నాయి గానీ లోపలికి దిగడం లేదు. వెనకాల ఇంకో బిందె వస్తోంది. పట్టుచీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, సోఫా మీది బిందె ఎత్తుకుని పరుగుతీసింది.

సంపూర్ణ లేచి నిలబడింది. మూడు వారాలుగా దేవుడి గద్దెలా వట్టిగా ఉన్న సోఫాలో ఇత్తడి బిందె ఒక్కటే మర్యాదగా కూర్చుంది! ఫ్లాష్ కట్టేసింది. గోడకు వీపు ఆనించి, శ్వాస కూడా వినబడకుండా తీయడం మొదలుపెట్టింది.

ఆయన పెడతాడు, ఆమె ఎత్తుతుంది. ఆయన తిరిగేసరికి ఈమె రాదు, ఈమె వచ్చేసరికి ఆయన ఉండడు. ఐదు బిందెలు, ఆరు, ఎనిమిది. పోనుపోను వేగం పెరిగింది. “జల్దీ! జల్దీ! ధార సన్నబడుతున్నది!” అని గేటు దగ్గర బాలకృష్ణ అరుస్తున్నాడు. తొమ్మిదో బిందెకు లాల్‌సింగ్ కాస్త ముందొచ్చాడు, ప్రమీల కాస్త ముందొచ్చింది. ఆయన పెట్టిన బిందె తడి ప్లాస్టిక్ మీద నిలవలేదు. ఒరిగింది.

“అమ్మో!” అని ప్రమీల రెండు చేతులూ చాచి దూకింది. “ఆగాగు!” అని లాల్‌సింగ్ కూడా పట్టుకున్నాడు. ఒకే బిందె మీద నాలుగు చేతులు. నీళ్ళు ఎగిరి ఇద్దరి మొహాల మీదా పడ్డాయి. ప్రమీల ముసుగు భుజాల మీదికి జారిపోయింది. నోరు తెరుచుకుని ఉంది. లాల్‌సింగ్ తలపాగా చెవి మీదికి వాలింది. ఆ ముసలాయన బుగ్గలు రెండూ గుంటలు పడేలా నవ్వేశాడు. గడపలో ఎండకు నిలబడ్డ హేమ్లి, “పట్టు! విడువకుండ్రి!” అంటూ చెయ్యెత్తింది. ఆమె పేట్యా అద్దాల్లోంచి నూరు ఎండ చుక్కలు లేచి గోడంతా చల్లుకున్నాయి.

సంపూర్ణ వేలు దానంతటదే నొక్కేసింది.

మరుక్షణం ప్రమీల ముసుగు లాక్కుని వంటింట్లోకి మాయమైంది. లాల్‌సింగ్ బిందె అక్కడే వదిలి వరండాలోకి పోయి బీడీ ముట్టించాడు. నల్లా గుర్రు గుర్రుమని ఆగిపోయింది.

“చూడండ్రి! అందరు రాండ్రి!” సంపూర్ణ కేకేసింది.

కెమెరా చుట్టూ మూగారు. బాలకృష్ణ పగలబడి నవ్వాడు. “నేనేడున్న ఇండ్ల? ఈఎంఐ కట్టేది నేను, ఫొటోల బిందె ఉన్నది!” హేమ్లి కళ్ళు చికిలించి, “గా చుక్కలన్ని నాయేనా? ఓయమ్మ!” అని మురిసిపోయింది. అందరికన్నా వెనక వచ్చి తొంగిచూసిన ప్రమీల మొహం మాత్రం పాలిపోయింది.

“ఇది పంపొద్దు సంపూర్ణా.”

“అక్కా?”

“తల మీద కొంగు లేదు. మామ, నేను ఒక్క బిందె పట్టుకొనున్నం. పుస్తకంల వస్తే తండల చూడరా? నౌకరీ చేసే కోడలు నెత్తి మీదికి ఎక్కిందంటరు. ఇటు స్టాఫ్‌రూముల, సోఫా కొనుక్కొని బిందెలు పెట్టుకుంటున్నరని నవ్వుతరు. రెండు దిక్కుల నాకే సిగ్గు. ముందు తీసినయి పంపు.”

కెమెరా తన చేతిలోనే ఉంది. సరేనక్కా అని స్కూటీ ఎక్కి పోయి పంపేస్తే అడిగేదెవరు? పత్రిక వచ్చిననాడు తిట్టుకుంటారు, తర్వాత మరిచిపోతారు. ఆరు పేజీలు. తన పేరు. వేళ్ళు కెమెరాను గట్టిగా పట్టుకున్నాయి.

ఆరేళ్ళుగా ఆడవాళ్ళు తనను వంటింటి దాకా రానిస్తున్నది ఎందుకో ఆమెకు తెలుసు. కెమెరా తీసి ప్రమీల చేతిలో పెట్టింది.

“చెత్తబుట్ట బొమ్మున్న బటన్ ఇది. నొక్కితే పోతది, మళ్ళ రాదు. నువ్వు వద్దంటే నేను పంపనక్కా. కాని ఒక్కసారి పెద్దగ చేసి చూసినంక నొక్కు. భూతద్దం బొమ్మున్నదే, అది.”

ప్రమీల భూతద్దం నొక్కింది. బిందె పెద్దదైంది. తన చేతులు, తన మొహం. ఇంకో పక్కకు జరిపింది. లాల్‌సింగ్ మొహం తెర నిండా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

“అత్తా,” అంది నెమ్మదిగా. “మామ గిట్ల నవ్వుతడా?”

“నవ్వకపోతే నలభై ఏండ్లు నేనెట్లున్న?” అంది హేమ్లి.

“పదమూడేండ్లాయె నేనొచ్చి. నాకు ఆయన కాళ్ళే ఎరుక. చెప్పుల చప్పుడు ఎరుక. బుగ్గల మీద గుంటలు పడతయని నాకు తెల్వనే తెల్వదు.” తెర మీది బుగ్గను వేలితో తాకింది. “మన సువర్ణకు గవ్వే గుంటలు. ఎవరి పోలికనో అనుకుంటున్న ఇన్నొద్దులు.”

వరండాలో బీడీ పొగ ఆగింది. ఆయన వింటున్నాడని అందరికీ తెలుసు.

“సువర్ణా,” అంది ప్రమీల గొంతు పెంచి, “తాతనడుగు. పంపాల్నా వద్దా?”

సువర్ణ అడగక ముందే జవాబొచ్చింది. “సువర్ణా, మీ అమ్మకు చెప్పు. తండల ఎవడన్న అడిగితే నా దగ్గరికి పంపమను. నిండు బిందె పడిపోతుంటే వరసలు చూసుకుంట నిలబడేటోడు ఎవడో నేను గూడ చూస్త. ఇంకోటి అడుగు, తలపాగా మరీ పక్కకు పోయిందా?”

“పోయింది తాతా!”

“ఉండనీ తియ్. పెండ్లిల గూడ గట్లనే పోయింది.”

ప్రమీల నవ్వింది. ముసుగు లోపల్నుంచి కాదు, పైకే. “పంపు సంపూర్ణా. పేర్లు సక్కగ రాయాలె. నా పేరు పక్కన టీచర్ అని పెట్టాలె. అత్తను ఉత్త అత్త అనొద్దు, హేమ్లి అని రాయాలె.”

సంపూర్ణ స్కూటీ కాలనీ మట్టిరోడ్డు మీద ఎగిరెగిరి పడింది. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరులో ఫొటో ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది. పచ్చగీత జానెడు జరగడం, ఆగడం, మళ్ళీ మొదటికి రావడం. ఆమె గోళ్ళన్నీ కొరికేసింది. నాలుగున్నరకు పోయింది. నాలుగు నలభైకి ఫోను మోగింది.

“ఆ బిందెను సోఫాలో ఎవరు కూర్చోబెట్టారు? నువ్వా?” అంది ఎడిటర్ మేడమ్ ముందూ వెనకా లేకుండా.

“కాదు మేడమ్. వాళ్ళే.”

“ఆరు కాదు, ఎనిమిది పేజీలు. అట్ట మీద ఇదే. పేరు ఏమని వెయ్యమంటావు? స్టూడియో పేరా?”

“సంపూర్ణ అని వెయ్యండి మేడమ్. ఉత్త సంపూర్ణ.”

“సరే. కానీ ఆ తొమ్మిదీ దీని పక్కన నిలబడవమ్మా. పదిరోజులు గడువిస్తాను. మళ్ళీ తీస్తావా?”

తీస్తావా అని అడుగుతోంది! సంపూర్ణ అప్పటికే సెంటరు మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసింది. ఒక చేత్తో స్కూటీ స్టాండు తీస్తూ, రెండో చేత్తో నేలకొండపల్లి పద్మావతమ్మ నంబరు నొక్కింది. జాబితాలో ముందున్న ఇల్లు ఆమెదే.

“వదినా, నేను, ఫొటోల సంపూర్ణను. మళ్ళొస్తున్న మీ ఇంటికి. లేదు లేదు, ఏం సదరొద్దు, పట్టుచీర కట్టొద్దు. ఒక్కటే చెప్పు నాకు. మీ ఇంట్ల పొద్దున లొల్లి ఎన్ని గంటలకు మొదలైతది?”